ఒక్క మనిషి ప్రాణం ఇస్తే దేశానికి ఏం ఒరుగుతుంది? మా పాప అడిగింది, నేను చెప్పలేకపోయాను

కావలి నాన్న:

అందరికీ నమస్కారం. మాది కావలి. మా పాప తొమ్మిదో తరగతి. వచ్చే వారం వాళ్ల స్కూల్లో వక్తృత్వ పోటీ ఉంది, అంశం ‘దేశం కోసం ఒక్కరి త్యాగం’. ఎవరి గురించి మాట్లాడను నాన్నా అంటే, మన జిల్లాకి పెట్టిందే ఆయన పేరు కదమ్మా, పొట్టి శ్రీరాములు గారి గురించి చెప్పు అన్నాను. రాత్రి కూర్చుని రాయించాను కూడా. తెలుగువాళ్లకి విడిగా రాష్ట్రం కావాలని 1952 అక్టోబరు 19న మద్రాసులో స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహారదీక్ష మొదలుపెట్టారు, 58 రోజులు చేశారు, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు, నాలుగు రోజులకి నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు.

అంతా రాసుకుని పెన్ను మూత పెట్టి అడిగింది: "అన్నం మానేస్తే ఆకలి ఆయనకే కదా నాన్నా, ఢిల్లీలో వాళ్లకి ఏమవుతుంది? ఒక్కరు చచ్చిపోతే దేశానికి లాభం ఎట్లా వస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. పోనీ పుస్తకంలో చూసి చెబుదాం అనుకుంటే, మా అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని మునగాకు దూస్తూ అంతా వింటోంది. మా తమ్ముడు సీఆర్‌పీఎఫ్‌లో చేరి ఆరేళ్లయింది, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నాడు. ఒక్కోసారి మూడు నాలుగు రోజులు ఫోను కలవదు. టీవీలో అక్కడి పేరు వినపడితే చాలు అమ్మ లేచి ఆపేస్తుంది. ఆమె తల కూడా ఎత్తకుండా "దానికి జవాబు దొరికితే నాక్కూడా చెప్పు, దేశానికి మావాడొక్కడే దొరికాడా అని నేను అడిగితే మీరెవరూ చెప్పలేదు" అంది.

అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. పోటీకి పనికొచ్చే మాటలు నాకు అక్కర్లేదు, అవి పాప మేడమ్ రాసిస్తుంది. నిజంగా ఎట్లా ఉపయోగపడుతుందో, అసలు ఉపయోగపడుతుందో లేదో, మీకు తెలిసింది చెప్పండి.

మూలాపేట మాస్టారు:

బాబూ, నేను నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్న నన్ను ఏ పిల్లా అడగలేదు, అడిగేటట్టు నేనూ చెప్పలేదు. 58 అని రాస్తే మార్కు వేశాం, అయిపోయింది. మీ పాపకి నా ఆశీస్సులు చెప్పండి.

ముందు ఆ 58 రోజుల్ని కాస్త పక్కన పెట్టమనండి. ఆయన 1901లో మద్రాసులో పుట్టారు, పెద్దలది కనిగిరి వైపు పడమటిపల్లె. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వేలో ఉద్యోగం చేశారు. ఆ రోజుల్లో రైల్వే ఉద్యోగం అంటే ఏమిటో మీ అమ్మగారిని అడగండి. కొన్నేళ్లకి భార్య పోయింది, పసిబిడ్డా పోయింది. తర్వాత ఉద్యోగం వదిలేసి సబర్మతి ఆశ్రమానికి వెళ్లిపోయారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలు, మళ్లీ 1941, 42ల్లో జైలు. ఇవన్నీ అయ్యాక మన నెల్లూరు వచ్చారు, నేను చెప్పాలనుకున్నది ఇక్కడి సంగతి.

1946లో మా మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష పట్టారు. చివరికి తలుపులు తెరిచారు. అంతటితో ఊరుకోలేదు. హరిజనుల అభివృద్ధి కోసం కలెక్టర్లు వారంలో కనీసం ఒక్కరోజైనా పనిచేసేలా ప్రభుత్వం ఆదేశాలివ్వాలని మళ్లీ దీక్ష చేశారు, అదీ సాధించారు. ఆ పాటికే ఆరోగ్యం పాడైపోయింది. అయినా మెడలో అట్టలు వేలాడేసుకుని, వాటి మీద అంటరానితనం పోవాలని రాసుకుని, కాళ్లకి చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో వీధి వీధీ తిరిగేవారు. మన ఎండ సంగతి మీకు తెలుసు, రోహిణి కార్తెలో మట్టి మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది.

మా నాన్న అప్పుడు బట్టల అంగట్లో గుమాస్తా. ఆయన పోతుంటే అంగట్లో అందరూ పిచ్చాయన అనుకునేవాళ్లట. మా నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా చివర్లో ఒక మాట అనేవాడు, "నేను అరుగు మీదే కూర్చున్నాన్రా, దిగలేదు." డెబ్బై ఏళ్లు దాటాక కూడా అది చెప్పేటప్పుడు గొంతు మారేది. అరుగు మీద నీడలో కూర్చున్న మనిషిని ఇన్నేళ్లు కుదురుగా కూర్చోనివ్వలేదు చూడండి, పాప అడిగినదానికి జవాబు అక్కడుంది.

పాపకి ఇట్లా చెప్పండి. ఇంట్లో అమ్మ మనసు కష్టపడి అన్నం మానేసి పడుకుంటే ఆకలి అమ్మకే. కానీ మిగతావాళ్లకి ముద్ద దిగుతుందా? కంచం ముందు కూర్చుంటారు, కలుపుతారు, తినలేరు. ఎవరో ఒకరు లేచి వెళ్లి ఏమైందమ్మా అని అడిగి తీరాలి. అమ్మ కాబట్టి అట్లా అవుతుంది, రోజూ అలిగేవాళ్లు మానేస్తే ఎవరూ పట్టించుకోరు. శ్రీరాములు గారికి అప్పటికి ఇల్లు లేదు, పెళ్లాం బిడ్డలు లేరు, పదవి మీద ఆశ లేదు. ఇతను తనకోసం చేస్తున్నాడు అని వేలెత్తడానికి ఎవరికీ చోటు లేదు. అందుకే 58 రోజులూ ఊళ్లలో ముద్ద దిగలేదు, ఆ వేడి ఢిల్లీకి తగిలింది.

బెంగళూరులో ఉదయగిరి:

మాస్టారూ నమస్తే. ఒక డౌటు. 2014లో రాష్ట్రం విడిపోయింది కదా, మరి ఆ త్యాగం వృథా అయినట్టేనా? గొడవ కోసం కాదు, మా ఆఫీసులో ఒకతను ఈ మాట అంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఒంగోలు వకీలు:

తమ్ముడూ, దీనికి నేను చెప్తాను, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. శ్రీరాములు గారు అడిగింది మద్రాసు రాష్ట్రంలోంచి తెలుగు జిల్లాలు విడిగా ఒక రాష్ట్రం కావాలని, మద్రాసు నగరంతో సహా. మద్రాసు రాలేదు, మిగతాది 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా వచ్చింది. తెలంగాణతో కలవడం 1956 నవంబరు 1 నాటి సంగతి, అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. 2014లో విడిపోయింది ఆ రెండోదే. ఆయన ప్రాణం పెట్టి తెచ్చింది ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు కావలి అన్నకి. మాస్టారు చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటాను. ఒక్క మనిషి చనిపోతే ఢిల్లీ కదిలిపోయింది అని పిల్లలకి చెబితే మాత్రం అది తప్పు లెక్క అవుతుంది, రేపు ఇంకెవరో దాన్ని పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. బాపట్లలో 1913లోనే మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అంటే దీక్ష నాటికి దాదాపు నలభై ఏళ్లుగా ఈ మాట నలుగుతోంది. రాయలసీమ వాళ్లకి భరోసా ఇస్తూ 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక భాషా రాష్ట్రాల సంగతి తేల్చమని వేసిన దార్ కమిషన్ 1948లో అవి ఇప్పుడు వద్దంది. దేశం అప్పుడే రెండు ముక్కలైంది, భాష పేరుతో ఇంకెన్ని ముక్కలవుతుందో అన్నది నెహ్రూ గారి భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు. 1951లో స్వామి సీతారాం గారు ఇదే ఆంధ్ర రాష్ట్రం కోసం 35 రోజులు దీక్ష చేసి వినోబా భావే మాట మీద విరమించారు, ఏదీ రాలేదు. అంటే దున్ని, తడిపి, విత్తు చల్లిన చేను అది. శ్రీరాములు గారు లేకపోతే ఇంకెన్నాళ్లు ఎండేదో.

ఆయన పోయిన తర్వాత జరిగింది కూడా చెప్పాలి పాపకి. మన నెల్లూరుతో సహా చాలా ఊళ్లలో జనం రోడ్ల మీదికొచ్చారు, రైళ్లు ఆగిపోయాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? నాకు అది ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇక లాభం. మా తాతగారు ఒంగోల్లో ప్లీడరు. హైకోర్టు అప్పీలు అంటే కక్షిదారు దస్తావేజుల మూట, టిఫిన్ క్యారియరు పట్టుకుని రాత్రి బండికి మద్రాసు పోవాలి, అక్కడ సత్రంలో పడుకోవాలి, వాయిదా పడితే మళ్లీ అంతా మొదలు. ఎకరం పొలం వ్యాజ్యానికి అరెకరం ఖర్చయ్యేది అనేవారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టారు. భాష అక్కడా ఇంగ్లీషే అనుకోండి, కానీ పొద్దున పోయి రాత్రికి ఇంటికొచ్చి పడుకున్నాడు మనిషి. అదే ఏడు తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. మాస్టారూ, మీ డిగ్రీ పట్టా మీద ఎవరి పేరుందో చూసుకోండి.

ఇది మన లాభం. దేశం లాభం ఇంకా పెద్దది. ఆంధ్ర వచ్చిన కొద్ది నెలలకే, 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన కమిషన్ వేయక తప్పలేదు. 1956లో దాని ప్రకారం దేశపటం మళ్లీ గీశారు. కన్నడం వాళ్లు, మలయాళం వాళ్లు ఒక్కచోటికి చేరారు, 1960లో మహారాష్ట్ర, గుజరాత్ వేరయ్యాయి. నెహ్రూ గారు భయపడ్డట్టు దేశం ముక్కలు కాలేదు. పక్కన చూడండి. శ్రీలంకలో అదే 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు, ఆ తర్వాత ఎంత రక్తం పారిందో తెలిసిందే. ఢాకాలో 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం అడిగిన పిల్లల మీద కాల్పులు జరిపారు, 1971కి పాకిస్తానే రెండయింది. భాషను తొక్కిన చోట దేశాలు చీలాయి. మనకి ఆ దారి తప్పింది. అది చాలామంది చేసిన పని, నిజమే, కానీ దానికి మొదటి తలుపు తీసింది మాత్రం ఈయన.

ఇంకొక్కటి, త్యాగం అంటే చావే అనుకోకండి. మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా తుపాకీకి గుండె చూపించారు, అందరికీ తెలుసు. అంతకంటే పెద్దది, బారిస్టరుగా సంపాదన పారుతున్న రోజుల్లో 1921లో కోటు విప్పేసి ఉన్నదంతా స్వరాజ్య పత్రికలో పోశారు. ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, పోయేనాటికి మాత్రం చేతిలో ఏమీ మిగల్లేదు. ఆయన వెనక ఇంకొకరున్నారు, వాళ్లమ్మ సుబ్బమ్మ గారు. భర్త పోయాక ఒంగోల్లో పూటకూళ్ల ఇల్లు పెట్టి, పొయ్యి ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్లకి వండి వడ్డించి కొడుకుని పెంచింది. ఆ రోజుల్లో పూటకూళ్ల ఇల్లంటే నలుగురిలో చిన్నచూపు. ఆమెకి దేశం అన్న మాట తెలుసో లేదో. మీ అమ్మగారికి ఈమె సంగతి చెప్పండి అన్నా.

గిద్దలూరు అక్క:

తమ్ముడూ, చదువుకున్నవాళ్లు బాగా చెప్పారు. నేను మీ అమ్మ గురించే రాస్తున్నాను.

మా అన్న ఆర్మీలో ఉండి కాశ్మీరు వైపు చనిపోయాడు. పదేళ్లు దాటింది. వాడి నల్ల ఇనప్పెట్టె ఇంటికి వచ్చింది, మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. మా అమ్మ దాన్ని మంచం కింద పెట్టించింది. రోజూ ఊడ్చేటప్పుడు దాన్ని తుడుస్తుంది, తాళం మాత్రం తీయదు. ఒక్కసారి నేను తీయబోతే చెయ్యి పట్టుకుంది. ఇప్పటికీ అందులో ఏముందో మాకు తెలియదు.

వాడి శవం వచ్చిన రోజు చాలామంది వచ్చి త్యాగం అన్నారు. ఆ మాట అప్పుడు మా అమ్మకి వినపడలేదు. ఎవరూ ఏమీ అనకుండా పక్కన కూర్చున్నవాళ్లే ఆమెకి గుర్తున్నారు. ఆ తర్వాత రావాల్సిన డబ్బుల కాగితాల కోసం ఒక ఆఫీసు చుట్టూ మా వదిన చంటిపిల్లని చంకనేసుకుని ఏడాదిన్నర తిరిగింది. ఒక సంతకం లేదంటారు, మళ్లీ రమ్మంటారు. మనిషిని ఇచ్చిన ఇంటి దగ్గర దేశం అట్లా ఉండకూడదు. ప్రాణం ఇచ్చినవాడి వల్ల దేశానికి ఏం లాభం అని అడుగుతున్నాం కదా, ఆ లాభం తీసుకున్న దేశం వాళ్ల ఇంటికి ఏం చేసిందో కూడా అడగాలి.

మరి ఏం లాభం అంటే, నాకు పెద్ద లెక్కలు తెలియవు. ఆ రాత్రి ఆ కొండ మీద ఎవరో ఒకరు ఉండాలి. మావాడు కాకపోతే ఇంకో ఇంటివాడు ఉండేవాడు, వాళ్ల అమ్మ పెట్టె తుడుచుకుంటా ఉండేది. నాకు తెలిసింది ఇంతే. మావాడు చనిపోయిన ఏడాది నుంచీ తెల్లవారి నాలుగింటికి మా ఊరి పిల్లలు రోడ్డు మీద పరిగెత్తుతున్నారు, ఆర్మీ సెలెక్షన్ల కోసం. వాళ్ల అడుగుల చప్పుడుకి మా అమ్మకి మెలకువ వస్తుంది. మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు అరుగు మీద బిందె, గ్లాసు పెడుతుంది, తాగి పోతారని. వాళ్లని వద్దనదు, పొమ్మనీ అనదు.

మీ అమ్మ టీవీ ఆపేస్తే ఆపనివ్వండి. ఫోను కలవని రోజుల్లో మాత్రం ఒంటరిగా వదలొద్దు. నా నంబరు మెసేజ్‌లో పంపుతాను, ఆమెకిష్టమైతే మా అమ్మతో మాట్లాడిస్తాను.

కస్తూరిదేవి పాత విద్యార్థిని:

నేను నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయంలో చదివాను. ఆ బడి పొణకా కనకమ్మ గారిది. ఆడపిల్లల కోసం 1923లో మొదలుపెట్టారు, 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. జమీందారీ దర్జా ఉన్న ఇంటి ఆడమనిషి, పెద్దగా బడికి పోయి చదివింది లేదు. ఆస్తి ఇందులోనూ పల్లిపాడు గాంధీ ఆశ్రమంలోనూ పోసి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి పోయి వచ్చారు. మా అమ్మ చదువు ఐదో తరగతితో ఆగింది, నేను డిగ్రీ చేసి టీచర్నయ్యాను, మా అమ్మాయి డాక్టరు. మా ఇంట్లో మూడు తరాల మధ్య ఆ బడి ఉంది. పోటీలో పాప ఆమె పేరు కూడా చెబితే సంతోషిస్తాను. ఆవిడ గురించి మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు.

కావలి నాన్న:

అందరికీ దండాలు. నిన్న రాత్రి అన్నీ గట్టిగా చదివాను, పాప, అమ్మ ఇద్దరూ విన్నారు. మాస్టారు చెప్పిన కంచం సంగతి పాపకి వెంటనే ఎక్కింది. "మొన్న నాయనమ్మ తినలేదు కదా, నువ్వూ సగంలో లేచిపోయావు" అంది. నేను అది గమనించిందనుకోలేదు. కాల్పుల్లో పోయినవాళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతోంది, వకీలు గారూ, ఏదైనా దారి ఉంటే చెప్పండి, కావలి గ్రంథాలయంలో వెతుకుతాం.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ పెట్టె సంగతి ఇంకోసారి చదవమంది. పొద్దున లేచేసరికి గిద్దలూరు అక్క పంపిన నంబరు చీటీ మీద రాయించుకుని చీర కొంగుకి ముడేసుకుని ఉంది. అక్కా, మీ అమ్మగారు ఏ వేళప్పుడు ఖాళీగా ఉంటారు?

ఆదివారం పాపని తీసుకుని నెల్లూరు వస్తున్నాను మాస్టారూ, మూలాపేట గుడి చూస్తానంటోంది. మీరు ఇంట్లో ఉంటారా?

గిద్దలూరు అక్క:

తెల్లవారి నాలుగున్నరకి చేయమనండి తమ్ముడూ. పిల్లలు నీళ్లు తాగి పోయాక మా అమ్మ అరుగు మీదే కూర్చుని ఉంటుంది.

మూలాపేట మాస్టారు:

ఉంటాను బాబూ. ఎండ ముదరకముందే రండి, మధ్యాహ్నం గుడి మూసేస్తారు. మా నాన్న కూర్చున్న అంగడి ఇప్పుడు లేదు, అరుగు మాత్రం కొంచెం మిగిలింది, పాపకి అదీ చూపిస్తాను.